వరండాలో విన్న ఏడుపు

నేను కోడుమూరులో బట్టల కొట్టు పెట్టుకున్నవాణ్ణి. గజంబద్ద పెట్టి కొలవడం, అంచు దగ్గర చిన్న గాటు పెట్టి తానును చర్రున చింపడం నాకు చేతనవును గాని రాయడం చేతకాదు. జరిగింది రెండేళ్ల కిందటి సంగతి. మొదట్లో కొట్టుకొచ్చినవాళ్లు అడిగేవాళ్లు. నేను ముఖం ముడుచుకొని పైనున్న తానును కిందికి లాగేవాణ్ణి. అర్థం చేసుకొని వాళ్లే మాట మార్చేవాళ్లు.

ఇప్పుడు మా ఇంటామె రత్నమ్మకు మళ్లీ ఆరో నెల. నాకు పని మీద ధ్యాస నిలవడం లేదు. మొన్న మూడు గజాలడిగిన ఆమెకు రెండున్నరే చింపి ఇచ్చి, నలుగురిలో తిట్లు తిన్నాను. జరిగిందంతా ఒకసారి కాగితం మీద పెడితే మనసు కుదుటపడుతుందేమోనని కూర్చున్నాను. ఆసుపత్రి వరండాల్లో గడియారం చూస్తూ కూర్చునే మగవాళ్లు ఎవరైనా చదివి, నేను చేసింది చేయకుండా ఉంటే అదే చాలు.

ముందు మా అత్త గురించి చెప్పాలి. నేను పుట్టిన ఇరవయ్యో దినాన మా నాయన పోయాడు. ఏడాది తిరగకుండా అమ్మ పోయింది. అప్పటికే భర్త పోయి పుట్టింట్లో ఉన్న మా మేనత్త సుబ్బమ్మ నన్ను పెంచింది. ఆమె నాకు అన్నం కలిపి పెడుతూ చెప్పిన కథల్లో ఒకటి మా నాయన చావు. నాది మూలా నక్షత్రం, మొదటి పాదం. అది తండ్రికి గండమని, శాంతి చేసేదాకా ముఖం చూడొద్దని పెద్దవాళ్లు చెప్పారట. మా నాయన వినలేదట. నన్నెత్తుకొని బజారంతా తిరిగాడట. "మా అన్న నీ ముఖం చూసి ఇరవై దినాలు బతకలేదురా" అనేది అత్త. కోపంతో అనేది కాదు. అంటూనే నా నోట్లో ముద్ద పెట్టేది. నేను ఆ ముద్దతో పాటు ఆ మాట కూడా మింగి పెరిగాను.

రత్నమ్మది ప్రొద్దుటూరు. తల్లి లేదు, అన్నావదినలు ఉన్నారు. పెండ్లయిన నాలుగేళ్లకు కడుపు నిలిచింది. ఎనిమిదో నెలలో ఊరు దాటించకూడదు గనక తొమ్మిది పడగానే వచ్చి తీసుకుపోతామని వాళ్లన్న జాబు రాశాడు. ఆ దినాల్లో మా కొట్టుకు సన్న మల్లు తాను ఒకటి వచ్చింది. చేత్తో పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు, అంత మెత్తన. బిడ్డకు పనికొస్తుందని దాంట్లో నాలుగు గజాలు పక్కన పెట్టాను. అత్త చూసి గట్టిగా కేకలేసింది.

"పుట్టకముందే గుడ్డ దాచిపెడ్తార్రా యాడైనా? పుట్టినాక కూడా పురుడు వెళ్లేదాకా పాతగుడ్డలే వాడాల. తీసెయ్ దాన్ని."

తీసేస్తానని చెప్పి, నా సంచిలో అడుగున పెట్టుకున్నాను.

ఉగాది పోయిన పన్నెండో దినం, పొద్దున. రత్నమ్మ మిద్దె మీద వడియాలు పెడుతూ ఉంది. నేను కొట్టుకు బయలుదేరుతుంటే మెట్ల మీద కూర్చొని కనిపించింది. చేతికి పిండి అట్లాగే ఉంది. నడుములో పట్టేసినట్టుంది అంది. ఎండవేడి నొప్పులేనని అత్త జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చింది. అవి తాగిన కాసేపటికే చీరంతా తడిసింది. మంత్రసాని వచ్చి కడుపు మీద చెయ్యి పెట్టి, మా అత్తను పక్కకు పిలిచి చెప్పింది గాని, ఆమె గొంతు చిన్నది కాదు.

"నెలలు నిండలే, నీళ్లు పోయినాయి. ఈడ నాతో అయ్యేది కాదు సుబ్బమ్మా. కర్నూలుకు ఎత్తుకపోండి."

ఆలూరు నుంచి వచ్చే బస్సు కిక్కిరిసి ఉంది. రత్నమ్మను చూసి వెనక సీటంతా ఖాళీ చేశారు. ఎవరో ముసలామె తన దుప్పటి మడిచి రత్నమ్మ నడుం కింద పెట్టి, కర్నూలు చేరేదాకా తాను నిలబడింది. డ్రైవరు గుంత వచ్చినప్పుడల్లా బస్సును దాదాపు ఆపి దించాడు. ఆ ఇద్దరి పేర్లూ నాకు తెలియవు. రత్నమ్మ నా చొక్కా కొసను పిడికిట్లో పట్టుకుంది. దోవలో ఒకే ఒక మాట అడిగింది.

"ఏడో నెల బిడ్డయితే బతుకుతాదంట, ఎనిమిదో నెల బిడ్డ బతకదంట. నిజమేనా?"

"ఎవురు చెప్పిరి నీకు? నోరు మూసుకొని పండుకో" అన్నాను.

భయమేస్తే నాకు కోపం వస్తుంది. అది నా జబ్బు. ఆ మాటకు ఆమె చొక్కా కొస వదిలేసింది. బస్సు దిగేదాకా మళ్లీ పట్టుకోలేదు.

కాన్పుల వార్డులోకి మగవాళ్లను రానివ్వరు. బయట పొడుగాటి వరండా, నల్లబండలు పరిచిన నేల, ఒక చెక్కబల్ల, గోడకు గడియారం, మూలన నీళ్లకుండ. అత్త రత్నమ్మ దగ్గర కాసేపు, వీధి చివర సత్రంలో కాసేపు ఉండేది. నేను ఉన్నది ఆ బల్ల మీదే. నొప్పులు ఆపడానికి మందిచ్చామని, ఎన్ని దినాలు ఆగితే అంత మంచిదని డాక్టరమ్మ చెప్పింది. అప్పటినుంచి ఆగమని దండం పెట్టుకోవడమే నా పని. బిడ్డ కోసం మొక్కేవాళ్లంతా త్వరగా రావాలని మొక్కుతారు. నేను రావద్దని మొక్కాను.

ఆ బల్ల రెండో కొసన మస్తానప్ప కూర్చునేవాడు. దూదేకుల మనిషి, కర్నూల్లోనే పరుపులు, దిండ్లు కుడతాడు. తలలో, కనుబొమల్లో ఎప్పుడూ దూది నూగు. అతని భార్య పీరమ్మకు ఇది నాలుగో కాన్పు. మూడూ ఇంట్లోనే అయ్యాయట. ఈసారి బిడ్డ అడ్డం తిరిగిందని తెచ్చాడు. మనిషికి భయం లేక కాదు, నోరు ఊరుకోదు, అంతే.

"ఏమప్పా శెట్టీ, నువ్వు నడిచి నడిచి ఆసుపత్రి బండలన్నీ అరగదీస్తాండావే. గవుర్మెంటోళ్లు వస్తే నిన్నే అడుగుతారు సూడు."

మొదటి దినం నేను జవాబు చెప్పలేదు. రెండో దినం అతను నాకూ కలిపి టీ తెచ్చాడు. మా ఇండ్లలో అట్లా వేరేవాళ్ల చేతిది తాగరు. అత్త సత్రంలో ఉంది. తాగాను. ఆ రెండు దినాల్లో నా గొంతు దిగింది అదొక్కటే.

మూడో దినం తెల్లవారింది. నేను కుళాయి దగ్గర ముఖం కడుక్కొని, పంచె దులిపి కట్టుకొని వచ్చి కూర్చున్నాను. లోపల అడుగుల చప్పుడు ఎక్కువగా ఉంది. ఒక నర్సు వేడినీళ్లు పట్టుకొని పరుగెత్తింది. అడిగితే ఎవరూ పలకలేదు. అట్లా శానా సేపు. మస్తానప్ప కూడా నోరు మూసుకొని కూర్చున్నాడు.

సరిగ్గా ఎనిమిదికి లోపలినుంచి ఏడుపు వినిపించింది. గట్టి ఏడుపు. ఇద్దరమూ ఒకేసారి లేచి నిలబడ్డాం. నేను గడియారం చూశాను. బిడ్డ పుట్టిన ఘడియ గుర్తుపెట్టుకోమని అత్త నాకు పదిసార్లు చెప్పి ఉంది. ఆ ఒక్క పనైనా సరిగ్గా చేశాననుకున్నాను.

కాసేపటికి ఆయా తలుపు సందులోనుంచి తల బయట పెట్టింది.

"శెట్టిగారూ, ఆడబిడ్డ. మస్తానూ, నీకు మొగపిల్లోడు. ఇద్దరు తల్లులూ బాగుండారు."

ఇంకేమైనా అడిగేలోగా తలుపు మూసేసింది. విన్నది ఒకే ఏడుపు, బిడ్డలు ఇద్దరు. నేను మస్తానప్ప ముఖం చూశాను. అతను నా భుజం మీద చెయ్యేసి నవ్వాడు.

"నీ బిడ్డేలే శెట్టీ ఏడ్చింది. ముందర నీకే చెప్పె గదా. మావోడు మొండోడు, మూతి బిగిచ్చుకొని వచ్చింటాడు."

ఎనిమిదో నెల బిడ్డ అంత గట్టిగా ఏడ్చిందంటే బతికినట్టే గదా. నేను ఆ బల్ల మీద కూర్చొని కండ్లు తుడుచుకుంటూ నవ్వాను. రెండేళ్లయినా ఆ సంతోషం నాకు గుర్తుంది. అది నాది కాదని ఇప్పుడు తెలుసు.

అత్తకు చదువు రాదు. ఉగాదికి కొన్న కొత్త పంచాంగం మూటలో తెచ్చుకుంది. నా చేతికిచ్చి చూడమంది. నేనే చూశాను. ఆ దినం హస్త సూర్యోదయం మీద మూడు ఘడియలే, అంటే ఏడుంబావు దాకానే ఉంది. ఎనిమిదంటే దగ్గర దగ్గర అయిదు ఘడియలు. హస్త పోయి చిత్త వచ్చింది. పేటలో పురోహితుడి దగ్గరికి పోతే ఆయన కూడా వేళ్ల మీద లెక్కేసి అదే చెప్పాడు.

"చిత్త మొదటి పాదం. తండ్రికి కూడదు. ఇరవై ఏడో దినం మళ్లీ చిత్త వస్తుంది. ఆ దినం శాంతి చేసి, నూనెలో బిడ్డ నీడను చూసినాకనే ముఖం చూడాల. అంతవరకు చూడొద్దు."

అత్త అక్కడే అరుగు మీద కూలబడింది. ఆమె ఏడవలేదు, నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఎట్లా ఉందంటే, వదిలితే నేను ఆ క్షణమే పోతానన్నట్టు ఉంది. ఇరవై ఏడు దినాలే గదా అనుకున్నాను. నాలుగేళ్లు ఆగినవాణ్ణి, ఇరవై ఏడు దినాలు ఆగలేనా అనుకున్నాను.

బిడ్డను దూదిలో చుట్టి పెట్టారని అత్త చెప్పింది. పాలు చీకే బలం లేదు. దూదివత్తితో చుక్క చుక్క వదులుతున్నారు. రత్నమ్మకు జ్వరం. ఈ మాట మస్తానప్ప చెవిన పడింది. అదే పొద్దు ఇంటికి పోయి, సాయంత్రానికి ఒక గుడ్డమూట తెచ్చి ఆయా చేతికిచ్చాడు. విప్పితే దూది. ఎంత బాగా ఏకాడంటే గింజ పలుకు గాని, ఆకు పొడి గాని ఒక్కటి లేదు.

"అంగట్ల దొరికే దూది గుచ్చుకుంటాది శెట్టీ. ఇది మా చేన్లోది. రెండు తూర్లు ఏకినా."

అతని భార్యను, కొడుకును నాలుగో దినం ఇంటికి పంపించారు. అయినా మస్తానప్ప దినం తప్పి దినం వచ్చి కొత్త దూది ఇచ్చిపోయేవాడు.

నేను చూడకూడదు గాని వినకూడదని ఎవరూ చెప్పలేదు. వార్డు తలుపుకు పచ్చగుడ్డ తెర ఉండేది. రత్నమ్మ మంచం ఆ తెర వెనకే, నాలుగడుగుల దూరం. నేను తలుపు పక్కన గోడకు ఆనుకొని నిలబడి గట్టిగా మాట్లాడేవాణ్ణి. నేను అక్కడే ఉన్నానని రత్నమ్మకు తెలియాలని. ఆయాతో మాట్లాడేవాణ్ణి, నీళ్లు పోసే ముసలాయనతో మాట్లాడేవాణ్ణి. ఎవరూ లేకపోతే నాలో నేనే మాట్లాడేవాణ్ణి. కోడుమూరులో బావులెట్లా ఉన్నాయో, మిద్దె మీద వడియాలు కాకులు తిని ఉంటాయని, పోయిన వారం వచ్చిన చీరల్లో రంగు పోయేవి ఏవో, అన్నీ. లోపలినుంచి బిడ్డ గొంతు ఒక్కోసారి వినిపించేది. పిల్లికూన గొంతంత ఉండేది. పుట్టినప్పుడు అంత గట్టిగా ఏడ్చింది ఇప్పుడిట్లా అయిపోయిందే అని నాకు దిగులేసేది.

అత్త బజారులో కంచుగిన్నె ఒకటి, మంచినూనె కొంత కొని సత్రంలో పెట్టింది. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు గిన్నెలో నూనె పోసి నా ముఖం చూసుకున్నాను. బాగానే కనపడింది. గడ్డం పెరిగి, కండ్లు గుంతలు పడి, ఎవరో తెలియనివాడిలా ఉన్నాను. ఇంత నూనెలో అంత చిన్న ముఖం కనపడితే చాలనుకున్నాను.

ఏడో దినం సాయంత్రం. పొద్దు ఇంకా వాలలేదు. ఆయా బయటికొచ్చి నాతో కాకుండా నేలతో చెప్పినట్టు చెప్పింది.

"బిడ్డ సన్నగిల్లిపోతాండాది. పాలు మింగల్యా. ఒక్కసారి వచ్చి చూసి పొమ్మంటాంది మీ ఇంటామె."

నేను లేచి తెర దగ్గరికి పోయాను. చెయ్యి తెర మీద పెట్టాను. లోపలినుంచి రత్నమ్మ గొంతు వినపడింది.

"వస్తాండారా?"

అంతలో అత్త తెర తోసుకొని బయటికొచ్చి నాకు అడ్డం నిలబడింది. తెర మళ్లీ పడిపోయింది. అత్త నాకంటే జానెడు పొట్టి. నా రొమ్ము మీద రెండు చేతులూ పెట్టింది.

"వద్దు నాయనా. మా అన్న గూడ ఇట్లనే పాయ. బిడ్డ మనకు దక్కేది కాదు, నువ్వన్నా దక్కు. నీకేమన్నా అయితే నేను ఎవుర్ని చూసుకొని బతకల్ల? నీ కాళ్లు పట్టుకుంటా."

ఆమె నిజంగానే వంగింది. నన్ను పెంచిన మనిషి నా కాళ్లు పట్టుకోబోతే నేనెట్లా చూస్తాను? ఆమెను లేవనెత్తాను. లేవనెత్తి వెనక్కి తిరిగాను. అత్త మీద నెపం పెట్టను. ఆమెను పక్కకు జరిపి పోవడం నాకు పెద్ద పని కాదు. నాక్కూడా భయమేసింది. చావు భయం. ఇరవై ఏళ్లు ముద్దలతో పాటు మింగిన భయం. అందుకే తిరిగొచ్చాను. బల్ల మీద కూర్చున్నాను. రత్నమ్మ మళ్లీ పిలవలేదు.

ఆ సాయంత్రం నేను గోడ దగ్గర నిలబడలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఏ ముఖం పెట్టుకొని మాట్లాడేది? నేను వరండాలో ఉన్నట్టు రత్నమ్మకు తెలియకపోతేనే మేలనిపించింది.

మర్నాడు పొద్దున్నే పురోహితుడి దగ్గరికి పోయి, శాంతి ఇప్పుడే చేయించే దోవ ఏదైనా ఉందా అని అడిగాను. ఆయన మంచివాడు. నా ముఖం చూసి, ఏదో చిన్న దానం చేసి నూనెలో చూడు, మిగతాది తర్వాత చేద్దాం అన్నాడు. నేను సత్రానికి పరుగెత్తి కంచుగిన్నెలో నూనె పోసుకొని, ఒలకకుండా రెండు చేతులతో పట్టుకొని ఆసుపత్రికి వచ్చాను. మెట్ల దగ్గర ఆయా నిలబడి ఉంది. ఆమె నా చేతిలో గిన్నెను చూసి కొంగు నోట్లో పెట్టుకుంది. ఆమె చెప్పక్కరలేకపోయింది.

ఆ గిన్నెను బల్ల మీదే వదిలేశాను. ఏమైందో తెలియదు.

బిడ్డను పాతగుడ్డలో చుట్టి నా చేతికిచ్చారు. రెండు చేతులూ అక్కరలేదు. ఆ పొద్దు దూది తెచ్చిన మస్తానప్ప ఆ మూటతోనే నా వెంట నడిచాడు. తుంగభద్ర ఎండి ఇసుక తేలి ఉంది. ఒడ్డున చెట్లకింద అతనే పలుగుతో గుంత తవ్వాడు. నేను సంచి అడుగునుంచి మల్లుగుడ్డ తీశాను. గజంబద్ద లేదు. చేత్తో కొలిచి చింపాను. మూరెడు చాలింది. జన్మలో అంత చిన్న ముక్క నేనెవరికీ చింపి ఇవ్వలేదు.

ముఖం మీద గుడ్డ తీయకుండానే మల్లులో చుట్టబోతుంటే మస్తానప్ప నా చెయ్యి పట్టుకున్నాడు.

"చూడు శెట్టీ. చూడకుండా పెడితివంటే జన్మంతా యెతుకులాడతావు."

చూశాను. నుదురు వెడల్పు. గడ్డం రత్నమ్మదే, కింద చిన్న సొట్టతో సహా. ఎడమచెవి కొస లోపలికి మడత పడి ఉంది. కనుబొమ మీద దూదిపోగు ఒకటి అంటుకొని ఉంది, తీశాను. కండ్లు మూసుకొని ఉంది. ఎంతసేపు చూశానో తెలియదు. మస్తానప్ప తాను తెచ్చిన దూదిని గుంతలో పరిచాడు. బిడ్డకు పేరు పెట్టలేదు మేము.

నాకేమీ కాలేదు. తలనొప్పి కూడా రాలేదు. ఇరవై ఏడో దినం కొట్టులో కూర్చొని లంగాలకు గుడ్డ చింపాను. మర్నాడు అత్త ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టించి చిప్ప తెచ్చి నా చేతిలో పెట్టింది.

"గండం గడిచెరా నాయనా" అంది, కండ్లనిండా నీళ్లతో.

విసిరి కొట్టాలనిపించింది. తిన్నాను.

రత్నమ్మను వాళ్లన్న ఆసుపత్రినుంచే ప్రొద్దుటూరుకు తీసుకుపోయాడు. బండి ఎక్కేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు. శ్రావణంలో తీసుకురావడానికి నేనే పోయాను. వాళ్ల వదిన మమ్మల్ని వెనకింట్లో వదిలిపెట్టి పనుందని వెళ్లిపోయింది. ఆ దినం లోపలికి రానందుకు సంజాయిషీ చెప్పడం మొదలుపెట్టాను. చిత్త మొదటి పాదమని, ఎనిమిది గంటలకు హస్త పోయిందని, నేనే పంచాంగం చూశానని.

రత్నమ్మ చేస్తున్న పని ఆపింది.

"ఎనిమిదికా? ఎనిమిదికని ఎవురు చెప్పిరి మీకు?"

"నేనే విన్నా గదా ఏడుపు. గడియారం చూస్తి."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపముంటే బాగుండేది.

"అది మన బిడ్డ ఏడుపు కాదు. మన బిడ్డ పుట్టేసరికి కిటికీలో ఎండ గూడ పడలే. ఆరున్నరని డాక్టరమ్మ చెప్తే నర్సు రాసుకునె, నేను వింటి. పుట్టినాక ఏడవలే. ఎగేసి పట్టుకొని తట్టిరి, నోట్లో గాలి ఊదిరి, వేడినీళ్లలో పెట్టిరి. శానా సేపటికి ఊపిరి తీసె, అంతే. అంతలోకే పక్కన పీరమ్మ కనె. మీరు విన్నింది ఆ పిల్లోని ఏడుపు. నన్నెవురు అడిగిరి? మీ అత్త 'నచ్చత్రం మంచిది కాదు, వాడు రాడు' అనె. అంతే."

ఆరున్నర అంటే హస్త. నాలుగో పాదం. ఏ దోషమూ లేదు. నేను కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ ఉన్నప్పుడు నా బిడ్డ పుట్టి, ఊపిరి కోసం పెనుగులాడుతూ ఉంది. మస్తానప్ప మంచి మనసుతో తన కొడుకు ఏడుపును నాకిచ్చాడు. నేను దాన్ని తీసుకొని, దానికి గడియారం చూసి, నా బిడ్డ మీద తలుపేశాను.

ఒకటి మాత్రం చెప్పాలి. నక్షత్రం లెక్క తప్పిందని కాదు నా బాధ. అది నిజంగా చిత్తే అయినా నేను ఆ తెర తీసి ఉండాల్సింది. లెక్క సరైనదైనా తప్పైనా లోపల ఉన్నది నా బిడ్డే. ఈ మాట రాసుకోవడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.

ఇంకొకటి కూడా తోచింది. నేను పుట్టినప్పుడు మా నాయన ఏ అరుగు మీద కూర్చున్నాడో, ఎవరి బిడ్డ ఏడుపు విని ఎవరు ఘడియ చెప్పారో. నాది మూల అవునో కాదో. అడగడానికి అత్త తప్ప ఎవరూ లేరు. అత్తకు నేను ఏదీ చెప్పలేదు. నన్ను కాపాడుకున్నానన్న ఒక్క నమ్మకం మీద ఆమె బతుకుతోంది. దాన్ని లాగేస్తే ఆమెకేం మిగులుతుంది?

రత్నమ్మ నాతో వచ్చింది. వంట చేసింది, కొట్టుకు సద్ది పంపింది, నవ్వాల్సిన చోట నవ్వింది. ఏడాది పైగా బిడ్డ మాట ఎత్తలేదు. ఆమెను నేనడగలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఆ తెరకు అటొకరం ఇటొకరం ఉన్నట్టుండేది. మళ్లీ నెల తప్పినప్పుడు ఆమె నాకు చెప్పిన మొదటి మాట, "ఈసారి లోపలికి రండి." మగవాళ్లను రానివ్వరని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. వస్తానన్నాను. ఈసారి తెర దగ్గర నన్ను ఆపాలంటే మా అత్త ఒక్కతే చాలదు.

పోయిన వారం సాయంత్రం మిద్దె మీద కూర్చొని ఉన్నాం. ఈసారి వడియాలు అత్తే పెట్టింది, రత్నమ్మను పైకి రానిచ్చింది గాని పిండి ముట్టుకోనివ్వలేదు. నేను చాలా దినాలుగా నోట్లో నానుతున్న మాట అడిగాను.

"నేను చూసేసరికి కండ్లు మూసుకొని ఉండె. తెరిసినప్పుడు ఎట్లుండె?"

రత్నమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. చెప్పదేమో అనుకున్నాను.

"పెద్ద కండ్లు. ఊరికే తెరిసేది కాదు. మీరు వరండాలో మాట్లాడితే తెరుస్తాండె. తెరిసి తలుపు తట్టు చూస్తాండె. మీరు వడియాలు కాకులు తినింటాయని చెప్తాండారే, అప్పుడు గూడ. మీ గొంతు ఆగిపోతే మూసుకుంటాండె."

ఆమె అంతటితో ఆగింది. ఏడో దినం సాయంత్రం బల్ల మీద ఒక్క మాటైనా మాట్లాడకుండా నేను ఎంతసేపు కూర్చున్నానో లెక్క పెట్టుకుంటూ ఉన్నాను.